ఇన్నాసమ్మ స్తోత్రం

అనగనగా అంటే ఎంతకాలం కిందట అని నన్ను అడగొద్దు. నేను మా అవ్వను అడిగితే వాళ్ళవ్వను అడగమంది. వాళ్ళవ్వ అప్పటికే మట్టిలో కలిసింది. అందుకని విన్నది విన్నట్టు చెబుతాను, మీరు ఊఁ కొట్టండి.

కృష్ణ ఒడ్డున నల్లరాతిరేవు అని ఒక ఊరు. అరవై గడపల ఊరు. ఊరి నడుమ మట్టిగోడల గుడి, గుడి మీద కొయ్య సిలువ. స్వాములోరు నెలకొక్కసారి గుర్రం మీద వచ్చి, జనం తమ తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనాలు విని, పూజ చేసి వెళ్ళేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి రాయప్ప జపాలు చెప్పించేవాడు.

ఆ ఊళ్ళో ఇన్నాసమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. కాలు మోపడానికి సొంత చేను లేదు. జొన్న కంకి పట్టిందంటే చాలు, పరాయివాళ్ళ చేలో మంచె ఎక్కి నిలబడి పిట్టల్ని తోలేది. పొద్దుపొడిచినకాడి నుంచి పొద్దుగూకేదాకా అరవడమే ఆమె పని. కొందరు పిట్టల్ని తోలాలంటే వడిసెలలో రాయి పెట్టి తిప్పుతారు. ఇన్నాసమ్మకు వడిసెల అక్కర్లేదు. ఆమె "హోయ్" అంటే మూడు చేల అవతల చిలకలు లేచిపోయేవి.

ఆరు రోజులు పిట్టల మీద అరిచిన గొంతు, ఏడో రోజు దేవుడి దగ్గరకు వచ్చేది. జపాలు అయ్యాక ఇన్నాసమ్మ గుడి ముందు వరసలో లేచి నిలబడేది. రెండు చేతులూ పైకెత్తేది.

"పితకు!" అని పిలిచేది.

"స్తోత్రం!" అని ఊరంతా అరిచేది.

"పుత్రునికి!"

"స్తోత్రం!"

"పవిత్రాత్మకు!"

"స్తోత్రం!"

మట్టిగోడలు అదిరి మన్ను రాలేది. వారమంతా ఆమెను "ఒసే పిట్టలదానా" అని పిలిచే పెద్దరైతు పెళ్ళాం కూడా ఆ ఒక్క ఘడియ ఆమె నోటి వంక చూసి, ఆమె పిలిచినప్పుడే నోరు తెరిచేది. ఇన్నాసమ్మకు లోకంలో ఉన్నదల్లా ఆ ఒక్క ఘడియే.

ఇట్లా ఉండగా ఒక కార్తీకంలో ఉపదేశి రాయప్ప తన కొడుక్కి పెళ్ళి చేశాడు. కోడలి పేరు లూసమ్మ. పట్నంలో మఠకన్యల దగ్గర పెరిగిన పిల్ల. చిన్నప్పటి నుంచి వాళ్ళతో పాటలు పాడి పాడి, ఆ గొంతు కాచిన నెయ్యిలాగా తయారైంది.

మొదటి ఆదివారం రాయప్ప గుడి గుమ్మంలోనే ఇన్నాసమ్మకు ఎదురొచ్చాడు.

"ఇన్నాసమ్మా, ఈ వారం మా కోడలు పాడుతుంది. నువ్వు కాస్త వెనక కూర్చో."

"దానికేముంది అన్నా, పాడనీ," అంది ఇన్నాసమ్మ.

లూసమ్మ పాడింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాట చివర ఆ పిల్ల నెమ్మదిగా "పితకు" అంది. ఊరు "స్తోత్రం" అంది. గట్టిగానే అంది. ఇన్నాసమ్మ పిలిచినప్పటి కంటే గట్టిగా అంది.

ఇన్నాసమ్మ కడుపు భగ్గుమంది. మొహం మాత్రం నవ్వింది.

రెండో ఆదివారం ఇన్నాసమ్మ ఊరుకోలేకపోయింది. లూసమ్మ పాట సగంలో ఉండగానే వెనక నుంచి లేచి "పితకు!" అని అరిచింది. కొందరు స్తోత్రం అన్నారు, కొందరు పాటలోనే ఉన్నారు. అంతా కలగాపులగమైంది. పెద్దరైతు పెళ్ళాం వెనక్కి తిరిగి, "ఏమే పిట్టలదానా, ఇదేమన్నా జొన్నచేననుకున్నావా?" అంది. జనం నవ్వారు. లూసమ్మ నవ్వలేదు. పాట ఆపి, ఇన్నాసమ్మ వంక తిరిగి, "అత్తా, మీరే కానివ్వండి" అంది.

ఆ మర్యాద ఇన్నాసమ్మకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె కడుపు భగ్గుమంది. మొహం మాత్రం నవ్వింది.

మూడో ఆదివారం ఒంట్లో బాగాలేదని చెప్పి గుడికి పోలేదు. పోయి మంచె ఎక్కి కూర్చుంది. "ఇవ్వాళ ఆ స్తోత్రం గుడి గడప కూడా దాటదు. నేను లేకపోతే ఎట్లా ఉంటుందో తెలిసొస్తుంది వీళ్ళకు" అనుకుంది. చెవులు రిక్కించి కూర్చుంది. కాసేపటికి ఊరివైపు నుంచి స్తోత్రం వచ్చింది. చెరువుగట్టు దాటి, చేలు దాటి, మంచె దాకా వచ్చింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆ చప్పుడుకు కంకుల మీది పిట్టలు లేచి ఎగిరిపోయాయి.

ఇన్నాసమ్మ మంచె మీద ఒక్కతే ఉంది. నవ్వు చూపించాల్సిన మనిషి ఎవరూ లేరు. కడుపు భగ్గుమంది. కుమిలి కుమిలి ఏడ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

మాఘం వచ్చింది. ఏటి అవతలి గట్టున కొండమాత గుడి ఉంది. అక్కడ మరియతల్లి తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. తిరునాళ్ళకు ముందు నల్లరాతిరేవు గుడిలో మూడు రోజులు పొద్దునా సాయంత్రం స్తుతి పాడతారు. ఇరుగుపొరుగు ఊళ్ళవాళ్ళు కూడా వస్తారు. దానికి వారం ముందు లూసమ్మ ఒక గిన్నెలో సంకటి, దాని మీద ఇంత గోంగూర పచ్చడి పెట్టుకుని మంచె దగ్గరకు వచ్చింది.

"అత్తా, పొద్దుటి నుంచి అరుస్తున్నారు, ఇంత తినండి" అంది. ఆమె తింటుంటే కింద గడ్డి మీద కూర్చుని అడిగింది. "నాకు పాట వచ్చు గానీ కేక రాదత్తా. జనం మూడూళ్ళవాళ్ళు వస్తారంట. చివర ఉన్నవాళ్ళకు నా గొంతు అందదు. మీ కేక నాకు నేర్పరా?"

ఇన్నాసమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా ముందు వరస తీసుకుంది. నా ఘడియ తీసుకుంది. ఇప్పుడు నా కేక కూడా కావాలంట ఈ పిల్లకు. ఆమె కడుపు భగ్గుమంది. మొహం మాత్రం నవ్వింది.

"దానికేం భాగ్యం తల్లీ! తెల్లారగట్ల లేచి, కుండలో చన్నీళ్ళు కడుపునిండా తాగు. తాగి, ఏటి గాలికి ఎదురుగా నిలబడి, మెడ బిగించి, గొంతులోంచి కేక పెట్టు. నొప్పి పుట్టినా ఆపొద్దు. నొప్పి పుట్టిందంటే గొంతు విచ్చుకుంటున్నట్టే. మూడు రోజులు చెయ్యి, చాలు."

అది అబద్ధం. కేక గొంతులోంచి రాదు, బొడ్డు కిందనుంచి వస్తుంది. ఆ సంగతి పిట్టలు తోలే ప్రతి మనిషికీ తెలుసు.

లూసమ్మ నమ్మింది. మూడు రోజులు చన్నీళ్ళు తాగింది. మూడు రోజులు మాఘం గాలికి ఎదురుగా నిలబడి అరిచింది. నాలుగో రోజు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

స్తుతి మొదలయ్యే రోజున రాయప్ప ఇన్నాసమ్మ గుడిసెకు వచ్చాడు. "కోడలి గొంతు పోయింది. నువ్వే రావాలమ్మా" అన్నాడు. ఇన్నాసమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయి ముందు వరసలో నిలబడింది. చేతులెత్తింది. పిలిచింది. మూడూళ్ళ జనం స్తోత్రం అన్నారు. కానీ ఆమె చూసింది. నోళ్ళు ఆమెకు పలుకుతున్నాయి, కళ్ళు మాత్రం గోడవార గొంతుకు గుడ్డ చుట్టుకుని కూర్చున్న పిల్ల మీద ఉన్నాయి. అయ్యో పాపం అనే చూపులు. గెలిచాననుకున్న చోట కూడా ఇన్నాసమ్మకు ఏమీ దక్కలేదు.

"కొండమాతకు మొక్కుకుంటే గొంతు తిరిగి వస్తుంది" అని రాయప్ప అన్నాడు. కోడల్ని వెంటబెట్టుకుని, తిరునాళ్ళనాడు ఏరు దాటాడు. వాళ్ళతో ఇంకో అయిదుగురు. మొత్తం ఏడుగురు. దాటించింది పుట్టి నడిపే చౌరి. పుట్టి అంటే తెలుసు గదా, తోలు కప్పిన గుండ్రటి బుట్ట పడవ. దానికి ముందూ వెనకా ఉండవు. నీళ్ళు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

తిరునాళ్ళ మరునాడు పొద్దున వాళ్ళు తిరిగి బయల్దేరారు. ఏటి నడుమకు వచ్చేసరికి మంచు కమ్మేసింది. అట్లాంటి మంచు ఎవరూ ఎరగరంట. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదంట. రేవుకు దిగువన రాళ్ళ నడుమ పెద్ద సుడి ఉంది. ఏనుగును కూడా మింగుతుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. పుట్టి దారి తప్పితే నేరుగా అక్కడికే పోతుంది.

ఒడ్డున ఊరంతా పోగైంది. పుట్టిలోనుంచి కేకలు వినపడుతున్నాయి గానీ పుట్టి కనపడటం లేదు. ఒడ్డునున్నవాళ్ళు కూడా అరవడం మొదలుపెట్టారు. ఒకడు రేవు దగ్గర నిలబడి "నాయనా" అంటాడు. ఒకామె ఎగువన నిలబడి "అక్కా" అంటుంది. ఇంకొకడు దిగువన రాళ్ళెక్కి "చౌరీ, ఇటు రా" అంటాడు. ఎవరికి వాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడ.

ఏటి మీద నుంచి చౌరి అరిచాడు. "ఎటు రమ్మంటారయ్యా! నాలుగు దిక్కులా ఒడ్డే వినపడుతుంది! ఒక్కచోట నిలబడి అరవండి!"

ఎవరు వింటారు? ఎవరి ఏడుపు వాళ్ళది. అప్పుడు పెద్దరైతు పెళ్ళాం పరుగున వచ్చి ఇన్నాసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె తమ్ముడు ఆ పుట్టిలో ఉన్నాడు.

"ఇన్నాసమ్మా! నువ్వు పిలువు తల్లీ! నువ్వు పిలిస్తే అందరూ నీ దగ్గరకు వస్తారు. ఒక్క గొంతవుతారు. పిలువు!"

పిట్టలదానా అనలేదు. ఇన్నాసమ్మా అంది. తల్లీ అంది.

ఇన్నాసమ్మ రేవు బండ మీదికి ఎక్కింది. చేతులెత్తింది. నోరు తెరిచింది.

కేక రాలేదు. రాక కాదు, ఆమె రానియ్యలేదు. ఆ పిల్ల తిరిగి రాకపోతే ఆదివారం మళ్ళీ నాదే అని ఒక మాట ఆమె లోపల లేచింది. ఒక ఊపిరి తీసింది. అరవలేదు. రెండో ఊపిరి తీసింది. అరవలేదు. మూడో ఊపిరి తీసింది. అప్పుడు దిగువన సుడి గుడగుడమనడం వినపడింది.

"పితకు!" అని అరిచింది.

ఆ కేకకు ఎగువనున్నవాళ్ళు ఆగిపోయారు. దిగువనున్నవాళ్ళు తల తిప్పారు.

"స్తోత్రం!" అన్నారు నలుగురు.

"పుత్రునికి!"

"స్తోత్రం!" అంటూ జనం రాళ్ళు దిగి, గట్టు దిగి, బండ వైపు పరుగెత్తారు.

"పవిత్రాత్మకు!"

"స్తోత్రం!" అంది ఊరు. ఒక్కచోట నిలబడి, ఒక్క గొంతుతో అంది.

ఏటి మీద చౌరికి ఒడ్డు ఎటుందో తెలిసింది. తెడ్డు వేశాడు. కానీ నీటి వాలు గట్టిగా ఉంది. రెండు బారలు ముందుకొస్తే ఒక బార వెనక్కి లాగుతుంది. ఇన్నాసమ్మ పిలుస్తూనే ఉంది. పిత, పుత్ర, పవిత్రాత్మ. ఊరు అరుస్తూనే ఉంది. గొంతు మండింది, ఆమె ఆపలేదు. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది, ఆపలేదు. చివరకు ఎవర్ని పిలుస్తుందో ఆమెకే తెలియకుండా పోయింది.

"లూసమ్మా!" అని అరిచింది.

"స్తోత్రం!" అంది ఊరు.

"లూసమ్మా!"

"స్తోత్రం!"

"లూసమ్మా!"

మంచులోంచి పుట్టి ఒక నల్లటి మచ్చలాగా బయటికొచ్చింది. మనుషులు మొలలోతు నీళ్ళలోకి దూకి దాన్ని పట్టి లాగారు. ఏడుగురూ దిగారు, ఎనిమిదోవాడు చౌరి దిగాడు. జనం ఏడ్చారు, నవ్వారు, ఇన్నాసమ్మ కాళ్ళకు మొక్కబోయారు. ఆమె వద్దని చెప్పబోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

కొండమాత దయవల్ల లూసమ్మ గొంతు ఉగాదికల్లా తిరిగొచ్చింది. ఇన్నాసమ్మ గొంతు మాత్రం రాలేదు. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గుసగుస ఒక్కటి మిగిలింది. మంచె మీద ఇప్పుడు డబ్బా కొట్టి పిట్టల్ని తోలుకునేది. ఊరు మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఎదురొచ్చిన వాళ్ళల్లా దణ్ణం పెట్టారు. ఒక్కో దణ్ణం ఆమెకు ఒక్కో ముల్లు.

స్వాములోరు వచ్చినప్పుడు పాపసంకీర్తనం చెప్పుకుంది. చన్నీళ్ళ సంగతి చెప్పింది. మూడు ఊపిళ్ళ సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు తల వంచుకుని విన్నాడు. "దేవుడు క్షమించాడమ్మా. పోయి ఆ పిల్లకు కూడా చెప్పుకో" అన్నాడు.

దేవుడికి చెప్పడం తేలిక. లూసమ్మ గడప ఎక్కడానికి ఇన్నాసమ్మకు మూడు వారాలు పట్టింది. లూసమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతుంది. ఇన్నాసమ్మ పక్కన కూలబడి, ఆ పిల్ల చెవి దగ్గర నోరుపెట్టి మొత్తం చెప్పేసింది.

లూసమ్మ చేట ఆపింది. "చన్నీళ్ళ సంగతి నాకు తెలియదత్తా" అంది. చేట కింద పెట్టి, "మూడు ఊపిళ్ళ సంగతి తెలుసు" అంది.

ఇన్నాసమ్మ బిత్తరపోయింది.

"పుట్టిలో అందరూ అరుస్తున్నారు. నాకు గొంతు లేదు గదా. అరవలేనిదాన్ని వింటూ కూర్చున్నా. ఊళ్ళో అందరి గొంతులూ వినపడుతున్నాయి, మీది తప్ప. మీరు ఒడ్డున లేరేమో అనుకున్నా. తర్వాత మీ కేక వినపడితే ఒడ్డునే ఉన్నారని తెలిసింది. ఉండి కూడా అరవకుండా ఆగారని అప్పుడు అర్థమైంది."

"తెలిసి కూడా నాకు దణ్ణం పెట్టావా?"

"పెట్టాను. పెట్టినప్పుడల్లా నా కడుపు కూడా మండింది." లూసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను ఎంత పాడినా జనం ఏడుపొచ్చిందన్నారు, బాగుందన్నారు, అంతే గదా అత్తా. మీ కేక మనుషుల్ని నీళ్ళలోంచి ఒడ్డుకు తెచ్చింది. ఆ గొంతు దేవుడు నాకెందుకు ఇవ్వలేదా అని మీ మీద కుళ్ళుకుంటున్నా. ప్రాణం పోసిన మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత సిగ్గో మీకేం తెలుసు?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఆ చేట చెరో పక్క పట్టుకుని జొన్నలు చెరిగారంట.

అంతటితో అసూయ పోయిందా అంటే పోలేదు. కథ చెప్పేవాళ్ళు కొందరు పోయిందని చెబుతారు గానీ మా అవ్వ ఒప్పుకునేది కాదు. మరుసటి ఆదివారం లూసమ్మ పాడుతుంటే ఇన్నాసమ్మ కడుపు మళ్ళీ భగ్గుమంది. అయితే ఈసారి ఆమె నవ్వలేదు. ఊరంతా స్తోత్రం అని అరుస్తుంటే, ఆ హోరులో పెదవులు కదిపి ఏదో అంటూనే ఉంది.

జపాలయ్యాక లూసమ్మ వచ్చి అడిగింది. "ఏమంటున్నారత్తా?"

"నీ పేరు," అంది ఇన్నాసమ్మ గుసగుసగా. "కడుపు మండినప్పుడల్లా లూసమ్మను ఇచ్చినందుకు స్తోత్రం అంటున్నా. మూడుసార్లు అంటే కాస్త చల్లబడుతుంది. మళ్ళీ వారానికి మళ్ళీ మండుతుంది, మళ్ళీ అంటా. నా గొంతు ఎవరికీ వినపడదు గదా, సిగ్గు లేదు."

"నాకూ చెప్పాల్సిన పేరుంది. కానీ నా గొంతు అందరికీ వినపడుతుందే!"

ఇన్నాసమ్మ ఆ పిల్ల చెవి దగ్గరకు వంగింది. "అయితే అందర్నీ ఇంకా గట్టిగా అరవమను" అంది.

ఆ మాట లూసమ్మ పట్టుకుంది. ఆపై ఆదివారం మూడు స్తోత్రాలు అయ్యాక ఊరి వంక తిరిగి చెప్పింది. "ఇప్పుడు అందరం ఒక్కసారే గొంతెత్తుదాం. ఎవరి మీద కడుపు మండుతుందో వాళ్ళ పేరు చెప్పి దేవుడికి స్తోత్రం చెప్పుకుందాం. భయం లేదు. ఎంత గట్టిగా అరిస్తే అంత వినపడదు."

మొదట ఎవరూ నోరు తెరవలేదు. తర్వాత పెద్దరైతు పెళ్ళాం కళ్ళు మూసుకుని ఏదో అరిచింది. ఆమె వెనక ఒకరు, ఇంకొకరు, ఆపైన అరవై గడపలూ. ఎవరి పేరు ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి.

ఇన్నాసమ్మ ఇంకో ఏడేళ్ళు బతికి, ఒక శ్రావణంలో జ్వరంతో పోయింది. పాతిపెట్టడానికి తీసుకెళ్తుంటే లూసమ్మ పాట ఎత్తుకోబోయి, ఎత్తుకోలేకపోయింది. పాట లేకుండా ఊరు ఊరంతా స్తోత్రాలు అరుచుకుంటూనే ఆమెను మోసుకుపోయింది. ఆ హోరుకు ఏటి అవతలివాళ్ళు పనులాపి గట్టు మీదికి వచ్చి నిలబడ్డారంట.

ఆ తర్వాత ఎన్ని తరాలు పోయాయో. మట్టిగుడి పోయి రాతిగుడి వచ్చింది. ఒకప్పుడు ఆ ఊరికి కొత్త స్వాములోరు ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు, చప్పుడంటే పడదు. మొదటి ఆదివారం ఆ హోరుకు చెవులు మూసుకుని, "ఎందుకమ్మా ఇంత అరుపు? దేవుడికేమన్నా చెవుడా?" అని ఒక ముసలామెను అడిగాడు.

"దేవుడి కోసం కాదు స్వామీ," అంది ముసలామె. "పక్కనున్నోళ్ళకు వినపడకూడదని."

ఆయనకు కథంతా చెప్పారు. మూడో ఆదివారం పీఠం దిగివచ్చి, జనం నడుమ నిలబడి, కళ్ళు మూసుకుని ఆయన కూడా అరిచాడు. ఎవరి పేరు చెప్పాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇవాళ్టికీ నల్లరాతిరేవులో మూడు స్తోత్రాల తర్వాత వచ్చే ఆ హోరును ఇన్నాసమ్మ స్తోత్రం అనే అంటారు. పక్కింట్లో పాడిగేదె ఈనిందనో, తోడికోడలికి కొడుకు పుట్టాడనో ఎవరి మొహమన్నా ముడుచుకుంటే, ఆ ఊళ్ళో తిట్టరు, ఎత్తిపొడవరు. భుజం మీద చెయ్యేసి, "ఆదివారం దాకా ఓర్చుకో" అంటారు.